ఆర్వీలో (చక్రాల మీది ఇంట్లో) ఉంటూ వారం పనులు: శనివారం అంతా పోకుండా ఏది ముందు, ఏది తర్వాత?

చక్రాల_ఇల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అరిజోనాలో క్వార్ట్‌సైట్ పక్కన లా పోసా ఎల్‌టీవీఏలో (చలికాలమంతా క్యాంపు చేసుకోనిచ్చే ప్రభుత్వ స్థలం) ఉన్నాం, ఇద్దరం. ఫిబ్రవరి దాకా ఇక్కడే. 27 అడుగుల ట్రావెల్ ట్రైలర్, లాగేది ఎఫ్-150 ట్రక్కు. హుకప్‌లు (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) లేవు. మంచినీళ్ల ట్యాంకు 45 గ్యాలన్లు, గ్రే (సింకు, స్నానం నీళ్లు పోయేది) 38, బ్లాక్ (టాయిలెట్‌ది) 30. ప్రొపేన్ సిలిండర్లు 20 పౌండ్లవి రెండు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్, 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, 2000 వాట్ల ఇన్వర్టర్.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇద్దరికీ రిమోట్ ఉద్యోగం. డంపింగ్ (మురుగు ట్యాంకులు ఖాళీ చేయడం), నీళ్లు, గ్యాసు, బట్టలు, పోస్టు, సరుకులు అన్నీ శనివారం మీద పడుతున్నాయి. అందులో సగం పూట ట్రైలర్‌ని ట్రక్కుకి హిచ్ చేసి (తగిలించి) డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లడం, మళ్లీ వచ్చి లెవెల్ చేసుకోవడంతోనే సరి.

అడగాలనుకున్నవి: పనులు ఏ వరసలో చేసుకుంటే నయం? ప్రతివారం ట్రైలర్ కదపకుండా గడుస్తుందా? ఉత్తరాలు, పార్సెళ్లు ఎలా తెప్పించుకుంటున్నారు? ఇంకొకటి, మన వంట మొదలుపెట్టిన దగ్గర్నుంచి సింకులోంచి వాసన వస్తోంది. ట్యాంకుదా, పైపుదా ఎలా తెలుస్తుంది?

---

నట్టుబోల్టు

ముందు శనివారం మానేయండి. జనవరిలో క్వార్ట్‌సైట్ డంప్ స్టేషన్‌కి శనివారం వెళ్లడమంటే సంక్రాంతి ముందురోజు బస్టాండుకి వెళ్లినట్టే. లా పోసా సౌత్‌లో డంప్, మంచినీళ్ల కుళాయిలు ఒకేచోట ఉన్నాయి. మంగళ, బుధవారాల్లో తెల్లవారగానే వెళ్తే, మీ ఆఫీసు ఈస్టర్న్ టైముది కాకపోతే, పని మొదలయ్యేలోపు తిరిగి రావచ్చు.

రెండోది, మీకు ముందు నిండేది గ్రే ట్యాంకు. పొదుపుగా వాడినా ఒక్కొక్కరికి రోజుకు 3 గ్యాలన్లు వేసుకోండి. ఇద్దరికీ 6. అంటే 38 గ్యాలన్లు ఆరు రోజులకు నిండుతాయి. బ్లాక్ 30 గ్యాలన్లు ఇద్దరికి రెండు వారాలు సులువుగా వస్తాయి. అందుకని వారం వారం కదపాల్సింది ట్రైలర్‌ని కాదు, గ్రే నీళ్లని మాత్రమే. మధ్యలో వచ్చే వారం గ్రేని టోట్ ట్యాంకులో (మురుగు మోసుకెళ్లే చిన్న ట్యాంకు) పట్టుకెళ్లండి, ట్రైలర్‌ని రెండు వారాలకొకసారి లాగండి. ఇంకా సులువు కావాలంటే హనీ వ్యాగన్‌ని పిలవండి. సీజన్‌లో ఇక్కడ క్యాంపు దగ్గరికే వచ్చి ట్యాంకుల్లోని మురుగు లాగేసి వెళ్తారు. డబ్బు ఖర్చే గానీ, మీ గంట సంపాదనతో పోల్చి చూసుకోండి. గ్రే నీళ్లు నేలమీద వదలడం మాత్రం ఎల్‌టీవీఏలో నిషేధం. చెట్టుకు పోశామన్నా ఒప్పుకోరు.

ట్రైలర్‌ని తీసుకెళ్లిన రోజు డంప్ చేసే వరస:

నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని 3 అంగుళాల గొట్టం బిగించండి. ట్రైలర్ వైపు పారదర్శకమైన ఎల్బో (వంపు ముక్క) పెట్టుకోండి, లోపల ఏం పారుతోందో కనబడుతుంది. ముందు బ్లాక్ వాల్వు ఒక్కటే తెరవండి. రెండూ ఒకేసారి తెరిస్తే, సీవర్ నెమ్మదిగా లాగుతున్నప్పుడు బ్లాక్ ఎగదన్ని గ్రేలోకి పోతుంది. బ్లాక్ ధార ఆగాక, ఫ్లష్ పోర్టు (ట్యాంకు లోపల కడగడానికి నీళ్ల గొట్టం తగిలించే మూతి) ఉంటే వాల్వు తెరిచే ఉంచి రెండు మూడు నిమిషాలు నీళ్లు పెట్టండి. వాల్వు మూసి ఫ్లష్ పెట్టి పక్కకెళ్తే ట్యాంకు నిండి టాయిలెట్‌లోంచి పైకి వస్తుంది. బ్లాక్ మూసి, అప్పుడు గ్రే తెరవండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. ఆఖరున టాయిలెట్‌లోంచి 3 గ్యాలన్ల నీళ్లు, ట్రీట్‌మెంట్ మందు వేయండి. అడుగున నీళ్లు లేకుండా వాడితే కాగితం, మలం కుప్పగా గట్టిపడిపోతాయి. సెన్సర్ ఎప్పుడూ నిండుగా చూపించడానికి కూడా ఎక్కువసార్లు కారణం అదే, గోడకు అంటుకున్న కాగితం.

బ్లాక్ ట్యాంకు మూడింట రెండు వంతులు నిండేదాకా డంప్ చేయకండి. నీటి బరువు లేకపోతే గట్టివి బయటికి రావు.

తర్వాత మంచినీళ్లు. ఆ కుళాయి మూతిని ఎవరెవరో డంప్ గొట్టం కడగడానికి కూడా వాడి ఉంటారు. చిన్న స్ప్రే సీసాలో నీళ్లు కలిపిన బ్లీచ్ పెట్టుకుని, కుళాయి మూతికి కొట్టి, అర నిమిషం నీళ్లు వదిలి, ఆ తర్వాతే మీ గొట్టం తగిలించండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు డంప్, ఒకరు నీళ్లు. చేతులు మారకండి.

---

గోదారిగట్టు

నట్టుబోల్టు అన్నయ్య చెప్పినదానికి ఊళ్లో పనులు కలుపుతున్నాను.

గ్యాసు. ఖాళీది ఇచ్చి నిండిన సిలిండర్ తీసుకునే ఎక్స్‌చేంజ్ బోనుల దగ్గరికి పోకండి. అక్కడ 20 పౌండ్ల సిలిండర్‌లో సాధారణంగా 15 పౌండ్లే నింపి ఇస్తారు. గ్యాలన్ లెక్కన నింపే చోటికి వెళ్తే 80 శాతం దాకా, అంటే సుమారు 4.7 గ్యాలన్లు పడతాయి. కాలర్ మీద కొట్టిన తయారీ తేదీ చూసుకోండి. 12 ఏళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించేదాకా నింపరు.

ఎంతకాలం వస్తుందో లెక్క కట్టుకోవచ్చు. గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూలు (వేడి కొలత) ఉంటాయి. మీ ఫర్నెస్ 30,000 బీటీయూలది అనుకుంటే గ్యాలన్‌కి మూడు గంటలు, సిలిండర్‌కి 14 గంటల మంట. చలిరాత్రుల్లో రాత్రికి నాలుగు గంటలు మండితే మూడు, నాలుగు రోజులకో సిలిండర్. అందుకే ఆటో చేంజోవర్ రెగ్యులేటర్‌ని నమ్మి వదిలేయకూడదు. అది చప్పుడు లేకుండా రెండో సిలిండర్‌కి మారిపోతుంది, రెండూ అయిపోయాకగానీ మీకు తెలియదు. ఒకదాని వాల్వు మూసే ఉంచండి. మొదటిది అయిపోయి మంట ఆగితే రెండోది తెరిచి, ఖాళీదాన్ని ఆ రోజే బండిలో వేసుకోండి. తెరిచేటప్పుడు వాల్వు మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే గొట్టంలోని రక్షణ వాల్వు లీకేజీ అనుకుని గ్యాసును పిసరంతే వదులుతుంది, పొయ్యి సరిగా వెలగదు. అలా అయితే మూసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ నెమ్మదిగా తెరవండి. బిగించిన చోట సబ్బునీళ్లు రాసి బుడగలు చూడటం ప్రతిసారీ.

బట్టలు. లాండ్రోమాట్‌కి కూడా వారం మధ్యలోనే, తెరవగానే. నాణేల మెషీన్లు అయితే బ్యాంకులో క్వార్టర్ల రోలు తీసుకోండి, 10 డాలర్లకు 40. ఎడారి దుమ్ము పట్టిన దుప్పట్లు బయటే బాగా దులిపి వేయాలి, లేకపోతే డ్రమ్ములో బురద అవుతుంది. పసుపు మరక పడిన బట్టని ఉతికాక మరక పోయిందో లేదో చూడకుండా డ్రయ్యర్‌లో వేయకండి, వేడికి ఉండిపోతుంది. ఎండలో ఆరేయండి. పసుపు ఎండకు వెలిసిపోయే రంగు, ఈ ఎడారిలో ఎండకేం కరువు.

సరుకులకు, పెద్ద షాపింగ్‌కి చాలామంది కాలిఫోర్నియాలోని బ్లైత్ వెళ్తారు, 20 మైళ్ల పైన. రెండు సంగతులు. ఒకటి, అరిజోనాలో గడియారం మార్చరు. నవంబర్ నుంచి మార్చి దాకా బ్లైత్ ఒక గంట వెనక ఉంటుంది. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. క్వార్ట్‌సైట్‌లో పోస్టాఫీసు పని ముందు ముగించుకుని వెళ్లండి, తిరిగొచ్చాక చూద్దామంటే మూసేసి ఉంటుంది. రెండోది, బ్లైత్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ చెక్‌పోస్టు. బండిలో కరివేపాకు మొక్క, నిమ్మకాయలు, నారింజలు ఉంటే తీసేసుకుంటారు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది, అందుకు ఆంక్షలు. కుండీ ట్రైలర్ దగ్గరే వదిలి వెళ్లండి. పెట్రోలు అరిజోనాలోనే పోయించుకోండి, అవతల ఎప్పుడూ ధర ఎక్కువే.

బియ్యం, పప్పు, మినప్పప్పు లాంటివి నెలకొకసారి ఫీనిక్స్ వైపు. అటు రెండు గంటల పైన ప్రయాణం, చాండ్లర్, టెంపీలలో మన సరుకు అంతా దొరుకుతుంది. 20 పౌండ్ల బియ్యం బస్తాలు రెండు మించి తెచ్చుకుంటే ట్రైలర్‌లో చోటుండదు, ఎలకలకు విందు.

---

పోపులడబ్బా

వాసన సంగతి నేను చెప్తాను.

ఎక్కడిదో తేల్చుకోవడానికి: ట్రైలర్ కదిలిన మర్నాడు వస్తే పి-ట్రాప్‌లో (సింకు కింద వంపు పైపు, అందులో నిలిచే నీళ్లే వాసనని ఆపుతాయి) నీళ్లు లేవన్నమాట. కుదుపులకు చిమ్మిపోతాయి, ఎడారి గాలికి ఆరిపోతాయి కూడా. కప్పు నీళ్లు పోస్తే ఆగుతుంది. షవర్ ట్రాప్ మరిచిపోకండి. అది కాకుండా సింకు కింద అల్మరాలో ఎప్పుడూ ఉంటే, అక్కడ నిలువు పైపు చివర నల్లటి ప్లాస్టిక్ మూత లాంటిది కనబడుతుంది. గాలి లోపలికి మాత్రమే పీల్చే వాల్వు అది. లోపలి రబ్బరు గట్టిపడితే ట్యాంకు గాలి ఇంట్లోకి వస్తుంది. చాలా ట్రైలర్లలో ఒకటిన్నర అంగుళాలది ఉంటుంది. చేత్తో తిప్పి తీసి, మరకి టెఫ్లాన్ టేపు చుట్టి కొత్తది బిగిస్తే అయిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వస్తువు.

ఆ రెండూ కాకపోతే ట్యాంకులోకి వెళ్తున్నదే కారణం. మన ఇళ్లలో నూనె, నెయ్యి, గంజి, పప్పు కడుగు, పెరుగు గిన్నె నీళ్లు అన్నీ సింకులోకే. నూనె గోడలకు పట్టి సెన్సర్లను మూసేస్తుంది. గంజి రెండు రోజుల్లో పులుస్తుంది, అసలు వాసన దానిదే. కడిగే ముందు బాణలి, గిన్నెలు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేయండి. వేపుడు నూనె ఖాళీ సీసాలో. సింకుకి సన్నటి స్టీలు జాలీ. అన్నం వార్చడం వదిలేసి అత్తెసరు పెట్టుకోండి, లేకపోతే కుక్కర్. బియ్యం మొదటిసారి కడిగిన నీళ్లనే దాచి మురికి గిన్నెలు నానబెట్టడానికి వాడుకుంటే గ్రేలోకి అంత తక్కువ పోతుంది. రెండు టబ్బులు, ఒకదాంట్లో సబ్బు, ఒకదాంట్లో తొలుపు నీళ్లు. కుళాయి వదిలి కడిగితే గ్రే లెక్క రెండింతలు అవుతుంది.

పోపు పెట్టినప్పుడు పొగ అలారం మోగితే బ్యాటరీ తీసేయకండి. పైకప్పు ఫ్యాన్ బయటికి లాగేలా పెట్టి, పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ ఒకటి తెరవండి. దగ్గరది తెరిస్తే గాలి అక్కడక్కడే తిరిగి పొగ ఇంట్లోనే ఉంటుంది. నేల దగ్గర ఉండేది గ్యాస్ డిటెక్టర్. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి కింద పెడతారు. దానికి స్ప్రేలు, బ్లీచ్ ఆవిరి తగిలినా అరుస్తుంది. కుక్కర్ ఆవిరి, మంటలోంచి పుట్టే తేమ రాత్రికి కిటికీల మీద నీళ్లై పరుపు కిందకి చేరతాయి. వంట అయ్యాక ఇంకో పావుగంట ఫ్యాన్ ఉంచండి.

రుబ్బుడు పని కూడా పనుల రోజు లెక్కలో వేసుకోండి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల గ్రైండర్ ఇక్కడ నడవదు, 110 వోల్టులది ఉండాలి. 200 వాట్ల గ్రైండర్ అరగంట తిరిగితే 100 వాట్-అవర్లు, 12 వోల్టుల బ్యాటరీలోంచి ఇన్వర్టర్ నష్టంతో కలిపి తొమ్మిది, పది ఆంపియర్-అవర్లు. మీ బ్యాటరీకి లెక్కలోది కాదు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ (ఇంటి కరెంటులాంటి నునుపైన అల ఇచ్చేది) అయితేనే పెట్టండి, మోడిఫైడ్ సైన్ మీద మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది. మధ్యాహ్నం సోలార్ నిండుగా ఉన్నప్పుడు రుబ్బి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి. రాత్రి చలికి పిండి పులవదు. గిన్నె సగమే నింపాలి. ట్రైలర్ కదిలే రోజు పులిసిన పిండి ఫ్రిజ్‌లో ఉంటే మూతకి పట్టీ వేసి పళ్లెంలో పెట్టండి.

ఫ్రిజ్ గ్యాసు మీద నడిచే అబ్జార్ప్షన్ రకమైతే ట్రైలర్ లెవెల్‌గా ఉండాలి. వాలుగా ఉంచి గంటలకొద్దీ నడిపితే కూలింగ్ యూనిట్ శాశ్వతంగా పోతుంది. సరుకులు తెచ్చిన రోజు వేడి డబ్బాలన్నీ ఒకేసారి సర్దకండి, తేరుకోవడానికి దానికి చాలా గంటలు పడుతుంది.

---

కృష్ణాతీరం

పోస్టు గురించి. జనరల్ డెలివరీ (పోస్టాఫీసులోనే ఉంచి కౌంటర్లో ఇచ్చే పద్ధతి) పెట్టుకోండి. పేరు, కింద "జనరల్ డెలివరీ", ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ చివర 9999. ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తే కౌంటర్లో ఇస్తారు, 30 రోజుల దాకా ఉంచుతారు. యూఎస్‌పీఎస్‌లో (ప్రభుత్వ పోస్టులో) వచ్చేవాటికే ఇది. యూపీఎస్, ఫెడెక్స్ వాళ్లు ఆ అడ్రసుకి ఇవ్వలేరు. ఆన్‌లైన్ ఆర్డర్ ఎవరి ద్వారా వస్తుందో ముందు తెలియదు కాబట్టి వాటికి లాకర్ గానీ స్టోర్ పికప్ గానీ ఎంచుకోండి. సీజన్‌లో కౌంటర్ దగ్గర వరస పెద్దది, ట్రాకింగ్‌లో వచ్చినట్టు కనబడ్డాకే వెళ్లండి.

ఏడాదంతా తిరిగేవాళ్లకు మెయిల్ ఫార్వార్డింగ్ సర్వీసు మేలు. దానికి ఫారం 1583 (మన పోస్టు వాళ్లు తీసుకోవడానికి అనుమతి) నింపి నోటరీ చేయించాలి. కవర్లు స్కాన్ చేసి చూపిస్తారు, కావాల్సినవి కట్టగా ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి జనరల్ డెలివరీకి పంపమనవచ్చు. మందులకు పెద్ద ఫార్మసీ చైన్ పట్టుకోండి, ప్రిస్క్రిప్షన్ ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మార్చుకోవచ్చు.

ఒక మాట అడగాలి. మీ ఇద్దరిలో ఎవరైనా వీసా మీద ఉన్నారా?

---

చక్రాల_ఇల్లు

అందరికీ చాలా థాంక్స్ అండీ. సింకు కింద ఆ మూత కనబడింది, మార్చేస్తాను. మా ఆవిడది హెచ్1బి, నాది హెచ్4 ఈఏడీ (ఆవిడ వీసా మీద వచ్చిన పని అనుమతి). ఆఫీసు డాలస్. వీసాకీ ఆర్వీకీ సంబంధం ఏంటి?

ఇంకొకటి, టోట్ కొందామంటే మా డంప్ పైపు నేలకి బాగా దగ్గరగా ఉంది. టోట్ దాని కిందికి వెళ్లేలా లేదు.

---

కృష్ణాతీరం

చాలా సంబంధం ఉంది. హెచ్1బి ఎల్‌సీఏలో (జీతం, పనిచోటు రాసి కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే దరఖాస్తు) రాసిన మెట్రో ప్రాంతం దాటి ఇంకోచోట కూర్చుని పని చేస్తే అది కొత్త వర్క్‌సైట్ కిందికి వస్తుంది, ఇంటినుంచి చేసినా సరే. 2015లో సిమియో అనే ఇమ్మిగ్రేషన్ కేసులో వచ్చిన నిర్ణయం తర్వాత దానికి కొత్త ఎల్‌సీఏతో సవరణ పిటిషన్ వేయాలి. తాత్కాలికంగా ఏడాదికి 30 పనిదినాల వెసులుబాటు ఉంది గానీ షరతులున్నాయి. క్వార్ట్‌సైట్‌లో నెలల తరబడి ఉండటం అందులో ఇమడదు. ఈ వారమే ఆమె కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించండి, మేనేజర్ సరే అన్నాడంటే చాలదు. మీ హెచ్4 ఆమె స్టేటస్ మీదే నిలిచి ఉంటుంది కాబట్టి ఇది మీ ఇద్దరి సమస్య.

ఇది కాక నివాసం మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) ఆన్‌లైన్‌లో వేయాలి, ఇద్దరూ విడివిడిగా. అందులో ఉంటున్న అడ్రసు వేరు, మెయిలింగ్ అడ్రసు వేరు ఇవ్వవచ్చు. యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ శాఖ) ఉత్తరాలను పోస్టాఫీసు ఫార్వార్డ్ చేయదు. అందుకని వాటికి ఎప్పుడూ మనిషి ఉండే స్నేహితుల ఇల్లో, బంధువుల ఇల్లో ఇవ్వండి.

---

నట్టుబోల్టు

తమ్ముడూ, పైపు కిందికి ఉంటే టోట్‌ని కింద పెట్టకు, ట్రక్కు బెడ్‌లో పెట్టు. ఎలాగూ నిండిన 28 గ్యాలన్ల టోట్ 230 పౌండ్లు దాటుతుంది, ఎత్తలేవు. హిచ్‌కి తగిలించి చక్రాల మీద లాగడానికి తయారీదారులు చెప్పే వేగం గంటకి 5 మైళ్లు, అది క్యాంపు లోపలికే, హైవే మీదికి పనికిరాదు.

కావాల్సింది 12 వోల్టుల మాసరేటర్ పంపు (మురుగును ముక్కలు చేసి తోసేది). ఒకవైపు డంప్ పైపుకి బయోనెట్‌తో (తిప్పి బిగించే మూతితో) బిగుస్తుంది, రెండోవైపు తోట గొట్టం. ఆ గొట్టం రంగు వేరుగా ఉండాలి, మంచినీళ్లది ఎప్పుడూ దీనికి వాడకూడదు. కరెంటు బాగా లాగుతుంది, పంపు మీద రాసినంత ఫ్యూజు, లావు వైరు వేయి. సన్న వైరుతో వోల్టేజి పడిపోయి పంపు ఆగిపోతుంది. బెడ్‌లో టోట్‌ని రెండు రాచెట్ పట్టీలతో కట్టు, గాలి మూత తెరువు. గ్రే వాల్వు తెరిచాకే పంపు వేయి, నీళ్లు లేకుండా తిరిగితే లోపలి రబ్బరు ఇంపెల్లర్ పోతుంది.

మీ గ్రే 38, టోట్ 28. పూర్తిగా నిండనిచ్చి పంపు పెడితే పొంగి బెడ్ నిండా మురుగే. నిమిషానికి సుమారు 10 గ్యాలన్లు తోసే పంపు అయితే రెండున్నర నిమిషాలకు ఆపేయాలి. ఒకరు టోట్ దగ్గర మూతలోంచి మట్టం చూస్తూ ఉండాలి, ఒకరు స్విచ్ దగ్గర. మొదటిసారి బకెట్‌లోకి కొట్టి, 5 గ్యాలన్లకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకుంటే మీ పంపు అసలు వేగం తెలుస్తుంది. డంప్ స్టేషన్ దగ్గర టెయిల్‌గేట్ మీదికి జరిపి 3 అంగుళాల గొట్టం పెడితే దానంతట అదే ఖాళీ అవుతుంది.

మంచినీళ్లు తెచ్చుకోవడానికి మెత్తటి బ్లాడర్ సంచీ వాడేవాళ్లున్నారు. 45 గ్యాలన్లంటే 375 పౌండ్లు. ట్రైలర్ తగిలించి లేనప్పుడు ఎఫ్-150కి ఇబ్బంది లేదు, అయినా డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) చూసుకో. సగం నింపితే మలుపుల్లో ఊగి పక్కకి జరుగుతుంది, అందుకని నిండుగా నింపి కట్టేయాలి. టోట్, బ్లాడర్ ఒకే బెడ్‌లో ఒకే ట్రిప్‌లో పెట్టకు. ముందు మురుగు ట్రిప్, టోట్ దింపి బెడ్ కడిగాక నీళ్ల ట్రిప్.